తాళాల ఆదివారం

2018 ఫిబ్రవరి 25, ఆదివారం, ఉదయం 5 గంటల 10 నిమిషాలు. మైసూరు సరస్వతీపురంలోని తన ఇంట్లో గురుమల్లప్ప ముక్కాలిపీట మీద కూర్చొని, ఎడమకాలి బొటనవేలి కణుపు మీద ట్యూనింగ్ ఫోర్కు అనే శ్రుతిదండం కాడను ఆనించి, కళ్ళు మూసుకొని, రెండో చేతిలో స్టాప్‌వాచీ పట్టుకొని ఉన్నాడు. గదిలో ఉష్ణోగ్రత 21 డిగ్రీలు. కంపనం కాలివేలికి తెలిసినంతసేపు గడియారం నడవాలి. తెలియడం ఆగిన క్షణాన దాన్ని ఆపాలి.

ఆ దండం సెకనుకు 128 సార్లు కంపించేది. డాక్టరు దాన్ని మోచేతికి కొట్టుకొని పరీక్ష చేసేది. ముప్ఫై మూడేళ్ళు ఆహార పరిశోధనశాలలో త్రాసులూ ఉష్ణమాపకాలూ సరిచూసి రిటైరైన మనిషికి ఆ పద్ధతి నచ్చలేదు. ప్రతిసారీ ఒకే దెబ్బ పడాలని, దండం పన్నెండు సెంటీమీటర్ల ఎత్తు నుంచి రబ్బరు బిరడా మీద పడేలా చిన్న చెక్క చట్రం ఒకటి చేసుకున్నాడు. రెండు కాళ్ళకూ కొలిచి, తక్కువ వచ్చిన అంకెను రాసుకునేవాడు. 2016 ఆగస్టులో మొదటి అంకె 9 సెకన్లు. ఏడాది తిరిగేసరికి 6. గడిచిన దీపావళికి 4. పదిహేడేళ్ళుగా ఒంట్లో ఉన్న చక్కెర జబ్బు పాదాల నరాలను వేళ్ళ చివరల నుంచి పైకి తినుకుంటూ వస్తోందని, పోయిన స్పర్శ తిరిగి రాదని డాక్టరు మొదటిరోజే చెప్పింది.

ఆ మొదటిరోజే ఆయన తనకొక హద్దు గీసుకున్నాడు. అంకె 2 కంటే తగ్గిన రోజున మోటారు సైకిలు నడపడం మానేయాలి. ఈ హద్దు సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

ఈ ఉదయం మొదటిసారి వచ్చిన అంకెను ఆయన రాయలేదు. పాదాలు చల్లగా ఉన్నాయి కాబట్టి అది లెక్కలోకి రాదనుకున్నాడు. గోరువెచ్చని నీళ్ళలో ఐదు నిమిషాలు కాళ్ళు ఉంచి, తుడుచుకొని, మళ్ళీ కొలిచాడు. ఆ అంకెనూ రాయలేదు. మూడోసారి దండాన్ని చట్రంలోంచి ఊడదీసి, అరచేతికి గట్టిగా కొట్టుకొని కొలిచాడు. ఈసారి వచ్చిన దాన్ని తేదీకి ఎదురుగా రాశాడు: 3. ఆయన కింద పనిచేసినవారిలో ఎవరైనా ఇలా నచ్చిన అంకె వచ్చేదాకా కొలిచి ఉంటే, ఆ కాగితాన్ని గోడకు అంటించి అందరిచేతా చదివించేవాడు.

భార్య సర్వమంగళ కాఫీ తెచ్చి, తొట్టిలో చల్లారుతున్న నీళ్ళకేసి చూసింది. మడమలు పగిలాయా అని అడిగితే ఔనన్నాడు.

"నా స్కూటరు తీసుకెళ్ళండి. కాళ్ళకు పనే ఉండదు" అంది.

తాళాల ఆదివారం నాడు స్కూటరు మీద వెళితే స్నేహితుడు ఇనాయత్ తన షెడ్డు గడప తొక్కనివ్వడని ఆయన జవాబు. ఆమె నవ్వి లోపలికి వెళ్ళింది. నిజానికి స్కూటరు గురించి డాక్టరును అంతకుముందే అడిగి ఉన్నాడు. ఆవిడ ఆయనను నిలబెట్టి కళ్ళు మూసుకోమంది. నాలుగో సెకనుకే ఆయన పక్కకు ఒరిగాడు. బండి ఏదైనా ఆగినప్పుడు కాలు నేలకు ఆనాలి కదా, ఆనిందో లేదో మీకు ఎవరు చెబుతారు, అని ఆవిడ అడిగింది.  అందుకే ఆ తర్వాత మళ్ళీ ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు.

బూట్లలోకి చెయ్యిపెట్టి లోపల రాయీ రప్పా ఏమీ లేదని తడిమి చూసి, తొడుక్కొని, ఆరు గంటల ఐదు నిమిషాలకు తన మోటారు సైకిలు, పాత యెజ్డీని బయటికి తీశాడు.

*

మండీ మొహల్లాలో ఇనాయతుల్లా షెడ్డు దగ్గర ఆ ఆచారం పంతొమ్మిదేళ్ళుగా నడుస్తోంది. నెలలో చివరి ఆదివారం నాడు వచ్చినవాళ్ళందరూ తమ బండి తాళాన్ని ఒక పాత హెల్మెట్‌లో వేస్తారు. కళ్ళు మూసుకొని తలా ఒకటి తీస్తారు. సొంత తాళం వస్తే వెనక్కి వేయాలి, పరాయిది వస్తే వద్దనకూడదు. వచ్చిన బండి మీద ఊరు దాటి వెళ్ళి, ఫలహారం చేసి, తిరిగి షెడ్డుకు చేరాక, బండి గల మనిషి ముఖాన ఒక మంచి, ఒక చెడ్డ చెప్పాలి. చెప్పినదానికి ఆ మనిషి, తన కాఫీ తాగడం అయ్యేదాకా మారు పలకకూడదు. ఆ చివరి నియమం గురుమల్లప్పదే. వేడి మీద పలికే మాటల్లో కొలత ఉండదని ఆయన అభిప్రాయం.

చెప్పిన ప్రతి మాటా ఒక రిజిస్టరులోకి ఎక్కేది. దాన్ని రాసేదీ దాచేదీ గురుమల్లప్పే. యెజ్డీ గురించి అందులో ఇలా ఉంది: వెన్ను నిటారుగా ఉంటుంది, మోకాలు లంబకోణానికి కాస్త ఎక్కువ; కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా కావడంతో ఎడమ పాదానికి తీరిక ఉండదు. బుల్లెట్ గురించి: ప్రతి దెబ్బా విడివిడిగా తెలుస్తుంది, తొందరపెడితే వినదు, వదిలేస్తే తనంతట తాను సాగుతుంది. కాళ్ళు ముందుకు చాపుకొని కూర్చునే క్రూయిజర్ గురించి: పడక కుర్చీ సుఖం, మలుపులో మాత్రం పొట్ట కండరాలు పనిచేయాలి. ఒకప్పుడు వచ్చి మానేసిన పళ్ళ డాక్టరు రేసు బండి గురించి: బరువంతా మణికట్ల మీద, మొదటి ఇరవై నిమిషాలు మనిషికి పాతికేళ్ళు, తర్వాతి ఇరవై నిమిషాలు ఎనభై. కొండలకూ గుంతలకూ చేసిన ఎత్తు బండి గురించి: సీటు ఎత్తు 84 సెంటీమీటర్లు, రోడ్డు పాడయిందని ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. స్కూటరు గురించి ఒకే వాక్యం ఉంది, పదేళ్ళ కిందటిది: పాదాలకు పని లేదు.

ఆ రిజిస్టరును మొదటినుంచి చదివినవారికి 2016 తర్వాత ఒక మార్పు కనబడి ఉండేది. అంతకుముందు గురుమల్లప్ప బండ్ల శబ్దం గురించీ, ఎక్కుడులో లాగే తీరు గురించీ, మలుపులో ఒదిగే తీరు గురించీ రాసేవాడు. తర్వాత పెడళ్ళ వెడల్పు రాయడం మొదలుపెట్టాడు. ఫుట్‌రెస్టు చివర నుంచి బ్రేకు పెడలుకు ఎడం ఎన్ని మిల్లీమీటర్లో ప్రతి బండికీ స్కేలుతో కొలిచి రాశాడు. ఇనాయతుల్లా బుల్లెట్‌కు అది 34. కానీ రిజిస్టరును మొదటినుంచి చదివినవారు ఎవరూ లేరు. అదే పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి, చివరి పేజీ నుంచి వెనక్కి తన కాలి అంకెలను రాసుకున్నాడు. ఆ సంగతి అసలే ఎవరికీ తెలియదు.

తన యెజ్డీ మీద మాత్రం ఆయనకు ఒక ఏర్పాటు ఉంది. ముందరి లెగ్ గార్డుకు, సైకిలు హ్యాండిలుకు పెట్టే రకం గుండ్రటి అద్దం ఒకటి బిగించుకున్నాడు. తల వంచనక్కరలేకుండా అందులో ఎడమ బూటు కొస కనబడుతుంది. ఏ గేరులో ఉన్నాడో ఇంజను శబ్దం చెబుతుంది, కాలు ఎక్కడుందో అద్దం చెబుతుంది. ఎనిమిది నెలలు అలా గడిచాయి. తాళాల ఆదివారాల్లో రెండుసార్లు పెళ్ళిళ్ళని, ఒకసారి జ్వరమని తప్పించుకున్నాడు. మిగిలినసార్లు అదృష్టవశాత్తూ క్రూయిజర్ వచ్చింది. దాని పెడళ్ళు అరచేయంత వెడల్పుగా ఉంటాయి, కాలు ఎలా పెట్టినా వాటి మీదే పడుతుంది.

ఆ రోజు వచ్చినవారు నలుగురే. క్రూయిజర్ గల బెళ్ళియప్ప కొడగు మనిషి, కాఫీ తోటలు చూసి రిటైరై మైసూరులో స్థిరపడ్డాడు, ఆరడుగుల పైన రెండంగుళాల ఎత్తు. ఎత్తు బండి గల వినుత ఒక కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతుంది, ముప్ఫై నాలుగేళ్ళు. ఇనాయతుల్లా ఐదడుగుల మూడంగుళాలు. పద్నాలుగో ఏట పానా పట్టిన మెకానిక్కు, ఇప్పుడు అరవై. ఇంజను విప్పకుండా, సిలిండరు మీద రెండు వేళ్ళు ఆనించి, లోపల ఏ బేరింగు అరిగిందో చెప్పేవాడు.

తాళాలు తీశారు. వినుతకు క్రూయిజర్. బెళ్ళియప్పకు యెజ్డీ. ఇనాయతుల్లాకు వినుత ఎత్తు బండి. గురుమల్లప్ప చేతికి వచ్చిన తాళానికి ఇత్తడి చంద్రవంక కట్టి ఉంది. అది ఇనాయతుల్లా 1971 బుల్లెట్.

ఆ కాలపు బుల్లెట్‌కు గేరు కుడికాలికీ బ్రేకు ఎడమకాలికీ ఉంటాయి. మిగిలిన మూడు బండ్లకూ బ్రేకు కుడివైపు. అలవాటు లేని చోట కాళ్ళు తారుమారు కావడం ఈ గుంపులో అందరికీ అనుభవమే. బ్రేకు అనుకొని గేరు తొక్కి, ఒకసారి బెళ్ళియప్ప నేరుగా వరి మడిలోకి వెళ్ళాడు. ఆ మడి గలవాడు ఆయనను నాటు వేయడానికి వచ్చారా అని అడిగిన కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. గురుమల్లప్ప మాత్రం ఆ బుల్లెట్‌ను కనీసం ఇరవైసార్లు నడిపాడు, ఒక్కసారీ తారుమారు కాలేదు. ఆయన భయం దాని గురించి కాదు. ఆ బండికి అద్దం లేదు.

ఒక్క మాట అంటే సరిపోయేది. తాళాన్ని అరచేతిలో పట్టుకొని ఆయన ఆ మాటకోసం నిజంగానే వెతికాడు. ఇనాయతుల్లా ఆయన ముఖంలోకి చూసి, చూపు తిప్పుకొని, ఎత్తు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"నిచ్చెన ఏదమ్మా దీనికి?" అని వినుతను అడిగాడు.

"పక్కన గట్టు చూసి ఎక్కండి భాయ్. దిగేటప్పుడు దేవుడే దిక్కు" అంది వినుత.

అందరూ నవ్వారు. గురుమల్లప్ప కూడా నవ్వి, బుల్లెట్ కిక్కు కొట్టాడు.

*

శ్రీరంగపట్టణం, పాండవపుర, జక్కనహళ్ళి మీదుగా మేలుకోటెకు యాభై ఒక్క కిలోమీటర్లు. చెరకు నరికే కాలం. రోడ్డు పొడుగునా బండ్ల నుంచి రాలిన గడలు పడి ఉన్నాయి. గురుమల్లప్ప గంటకు నలభై దాటలేదు. వంద మీటర్లకొకసారి తల వంచి ఎడమ బూటును చూసుకున్నాడు. బండి కంపనం ముంజేతుల్లోకీ తొడల్లోకీ నడుములోకీ వస్తోంది. మోకాలి నుంచి చీలమండ దాకా క్రమంగా తగ్గి, ఆ కింద ఏమీ లేదు. ఎక్కుడు అంతా క్షేమంగానే ఎక్కాడు. పైకి చేరి బండి స్టాండు వేశాక చూస్తే చేతి తొడుగులు లోపల తడిసి ఉన్నాయి.

అక్కడి పులిహోర, పుళియోగరె తింటున్నప్పుడు బెళ్ళియప్ప నియమం తప్పి, షెడ్డుకు చేరకముందే యెజ్డీ గురించి మాట్లాడాడు. తన మోకాళ్ళు చెవులను తాకుతున్నాయని మొదట మొరపెట్టుకొని, తర్వాత ఆ అద్దం ఏమిటని అడిగాడు.

"నా బూటు పాలిషు తప్ప దాన్లో ఇంకేమీ కనబడ్డం లేదయ్యా. అందం చూసుకోడానికా?"

సైలెన్సరు పొగ రంగు చూసుకోవడానికని గురుమల్లప్ప చెప్పాడు. సైలెన్సరు ఉన్నది బండి వెనక, అద్దం ఉన్నది ముందు. అది పట్టించుకోగల మనిషి ఆ బల్ల దగ్గర ఒక్కడే ఉన్నాడు. ఇనాయతుల్లా ఆకులో మిగిలిన చింతపండు గుజ్జును వేలితో నాకి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

దిగుడు పదిన్నరకు మొదలైంది. ముందు వినుత, ఆ వెనక బెళ్ళియప్ప, వాళ్ళిద్దరూ మలుపు దాటి కనుమరుగయ్యారు. ఇనాయతుల్లా ఎత్తు బండి మీద బిక్కుబిక్కుమంటూ దిగుతున్నాడు. ఆయనకు పదిహేను మీటర్ల వెనక గురుమల్లప్ప. వేగం 34. మూడో మలుపు తిరగగానే చెరకు ట్రాక్టరు ఒకటి ఎదురుగా రోడ్డంతా ఆక్రమించి పైకి వస్తోంది. ఎడమవైపు చోటు లేక ఇనాయతుల్లా కుడి అంచుకు తీసి, పిట్టగోడ పక్కన ఆగిపోయాడు. కాలి కొసలు మాత్రమే నేలకు అందుతున్నాయి.

దిగుడులో ముందు చక్రం జారకుండా గురుమల్లప్ప చేతి బ్రేకును సగమే పట్టాడు. ఎడమకాలితో గట్టిగా నొక్కాడు. బండి తగ్గలేదు. ఇంకా గట్టిగా, తొడ బిగిసేదాకా నొక్కాడు. తగ్గలేదు. అప్పుడు కిందికి చూశాడు. ఆయన బూటు ఫుట్‌రెస్టును బలంకొద్దీ నొక్కుతోంది. బ్రేకు పెడలు దాని పక్కనే, తాకకుండా, 34 మిల్లీమీటర్ల దూరంలో ఉంది.

తాకిడి పెద్దదేమీ కాదు. కాళ్ళు సరిగా ఆననివాడు పడిపోవడానికి సరిపోయేంత. రెండువందల కిలోల బండితోపాటు ఇనాయతుల్లా కుడివైపుకు ఒరిగాడు. హ్యాండిలుకూ రాతి పిట్టగోడకూ మధ్య ఆయన కుడిచెయ్యి ఉండిపోయింది.

వెనక్కి వచ్చిన వినుత తన తలకు కట్టుకున్న గుడ్డతో ఆ చేతిని చుట్టింది. ఎవరూ ఏమీ అడగకముందే బెళ్ళియప్ప తేల్చేశాడు.

"కుడి ఎడమా తారుమారయిందయ్యా. ఎవరికి కాలేదు? నేను మడిలోకి పోలా?"

ఇనాయతుల్లా గోడకు ఆనుకొని కూర్చొని, నొప్పితో పళ్ళు బిగించి, తన బుల్లెట్‌నే తిట్టాడు. ముసలిదానికి కాళ్ళు తిరగేసి పుట్టాయన్నాడు. గురుమల్లప్ప నోరు విప్పాడు కానీ, అప్పుడు కావలసింది మాట కాదు, కారు. కారు కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు. పరుగెత్తినప్పుడు రెండుసార్లు తడబడ్డాడు. అది కంగారువల్ల అనుకున్నారు.

*

చూపుడువేలికీ చిటికెనవేలికీ మధ్యనున్న రెండు వేళ్ళ నరాలు తెగాయి. ఆస్పత్రిలో కుట్టారు, నాలుగు వారాలు కట్టు ఉంచారు. కట్టులో ఉన్న మనిషిని చూడడానికి మార్చి మొదటి ఆదివారం ముగ్గురూ షెడ్డుకు వచ్చారు. జరిగినదాన్ని రిజిస్టరులో ఎక్కించాలని బెళ్ళియప్పే గుర్తుచేశాడు. ఎలా రాయాలో కూడా ఆయనే చెప్పాడు: కుడి, ఎడమ పెడళ్ళ తారుమారు, ఇకమీదట బుల్లెట్ తాళం హెల్మెట్‌లో వేయరాదు. పెన్ను గురుమల్లప్ప చేతిలో ఉంది. ఆయన గుండ్రటి, ఒద్దికైన అక్షరాలతో చెప్పింది చెప్పినట్టు రాశాడు. రాస్తూ, ఇంత సుఖమైన అబద్ధం ఒక మనిషికి దొరకడం అరుదనుకున్నాడు. దాన్ని ఆయన ఆడనక్కరలేకపోయింది. అందరూ కలిసి తయారుచేసి చేతిలో పెట్టారు. తలా ఒక పాత పొరపాటు చెప్పి, దానికి సాక్ష్యం కూడా పలికారు.

ఆ తర్వాత గురుమల్లప్ప రోజూ సాయంత్రం నాలుగింటికి సిటీ బస్సులో షెడ్డుకు వచ్చేవాడు. యెజ్డీ ఏమైందని ఇనాయతుల్లా అడగలేదు. విప్పిన ఇంజన్లు రెండు బల్ల మీద గుడ్డ కప్పి ఉన్నాయి. వాటి సొంతదారులు మొదట వారానికొకసారి వచ్చారు, తర్వాత వచ్చి తీసుకుపోయారు. కట్టు విప్పాక ఆ రెండు వేళ్ళూ కొక్కేల్లా సగం వంగి అక్కడే ఉండిపోయాయి. ఇంతకంటే రావని, బిగుసుకుపోకుండా చూసుకోవడమే ఇక చేయగలిగిందని డాక్టరు చెప్పాడు. ఇనాయతుల్లా పదో నంబరు పానా పట్టుకొని చూశాడు. అది జారి నేల మీద పడింది. వంగి తీసి, మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ పడింది. మూడోసారి దాన్ని గోడకున్న మేకుకు, దాని చోట దాన్ని తగిలించాడు. సిలిండరు మీద ఆనించి లోపలి అరుగుదల చెప్పే వేళ్ళు ఆ రెండే.

వినుతకు హాసన్ కళాశాలకు బదిలీ అయింది. బెళ్ళియప్ప కొడుకు ఆయన బండికి కవరు తొడిగి బెల్టులతో బిగించేశాడు. మార్చి చివరి ఆదివారం హెల్మెట్ షెల్ఫు దిగలేదు.

ఏప్రిల్ 8, అది కూడా ఆదివారమే, పొద్దున్నే గురుమల్లప్ప రిజిస్టరును చంకలో పెట్టుకొని వచ్చాడు. షటరు సగమే ఎత్తి ఉంది. వంగి లోపలికి వెళ్ళాడు. ఇనాయతుల్లా ఎదురు హోటలుకు బైటూ కాఫీ చెప్పి, తన బుల్లెట్ సీటు మీద అడ్డంగా కూర్చున్నాడు.

"ఆ రోజుది మిగిలిపోయింది మల్లప్పా. నా బండికి ఒక మంచి, ఒక చెడ్డ. నువ్వు చెప్పలేదు."

మంచి చెప్పడం గురుమల్లప్పకు కష్టం కాలేదు. ఎక్కుడులో, మూడో గేరులో, ముప్ఫై ఐదు దగ్గర, ఇంజను తనంతట తాను ఊపిరి తీసుకుంటున్నట్టు ఉందని, కిందటిసారి కంటే వాల్వులు బాగా కుదిరాయని చెప్పాడు.

"ఊఁ. చెడ్డ?"

"చెడ్డ బండిలో లేదు."

"చెడ్డ చెప్పకపోతే కాఫీ లేదు. రూలు నువ్వు రాసిందే."

కాఫీ వచ్చింది. రెండు సగం గ్లాసులు. ఇనాయతుల్లా ఎడమచేత్తో తనది అందుకున్నాడు. గురుమల్లప్ప తనదాన్ని ముట్టుకోలేదు.

"నాకు తారుమారు కాలేదు ఇనాయత్. నేను ఎడమకాలితోనే నొక్కాను. సరైన కాలితోనే. కానీ కాలి కింద ఉన్నది బ్రేకు కాదు, ఫుట్‌రెస్టు. ఏది ఏదో నాకు తెలియలేదు. నాకు పాదాలు తెలియడం మానేసి చాలా రోజులైంది. తెలిసే నీ తాళం తీసుకున్నాను."

నియమం ప్రకారం ఇనాయతుల్లా మారు పలకలేదు. కాఫీని నెమ్మదిగా, ఆగి ఆగి తాగాడు. చల్లారిన తర్వాత కూడా తాగుతూనే ఉన్నాడు. బయట కొత్తిమీర అమ్మేవాడు ఆ వీధి మొదటి నుంచి చివరిదాకా అరుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఖాళీ గ్లాసును టూల్స్ పెట్టె మీద పెట్టి, అప్పుడు మాట్లాడాడు.

"అద్దం సంగతి నాకు అక్టోబర్లోనే తెలుసు. సర్వీసుకు తెచ్చావు కదా. దానికి నువ్వు ఒక్క నట్టే వేశావు. కుదుపుకు వదులైపోతుందని రెండోది నేనే వేశా."



"అడగలేదేం మరి?"

"అడిగితే పొగ చూసుకోడానికి అంటావు. లేదంటే నిజం చెప్పి మానేస్తావు." కొక్కేల్లా వంగిన వేళ్ళను రెండో చేత్తో చాపుతూ, వదులుతూ, "నువ్వు మానేస్తే ఆదివారం పూట నాకు మాత్రం ఎవరున్నారు?" అన్నాడు. ఇంకా మెల్లగా, "ఆ రోజు తాళం చేతిలోకి వచ్చినప్పుడు నీ మొహం చూశా. మార్చుకో అందామనుకున్నా. రూలు కదా, నోటిదాకా వచ్చి ఆగిపోయింది" అన్నాడు.

 క్షమించమని గురుమల్లప్ప అడగలేదు. ఆ మాటతో వేళ్ళు తిన్నగా కావని ఇద్దరికీ తెలుసు. యెజ్డీ తాళం జేబులోంచి తీసి హెల్మెట్‌లో వేశాడు. ఇనాయతుల్లా సీటు మీద నుంచి దిగకుండానే చెయ్యి చాపి, తన చంద్రవంక తాళాన్ని కూడా అందులో పడేశాడు. వాటిని తీసుకోవడానికి మూడోవారు ఎవరూ లేరు.

"పుస్తకం తెచ్చావుగా" అన్నాడు ఇనాయతుల్లా. "తప్పు రాసినదాన్ని దిద్దు. బెళ్ళియప్ప చెప్పింది నేను వినేటప్పుడే నవ్వొచ్చింది. నీ కాలు తారుమారయ్యేదా?"

గురుమల్లప్ప రిజిస్టరు తెరిచాడు. బెళ్ళియప్ప చెప్పగా రాసిన వాక్యం మీద స్కేలు పెట్టి ఒకే గీత గీశాడు. పరిశోధనశాలలో నేర్చిన పద్ధతి అది. కొట్టేసినది చెరిగిపోకూడదు, కింద చదవడానికి వీలుగా ఉండాలి. పైన సరైన వాక్యం రాశాడు: రైడరుకు పాదాలలో స్పర్శ లేదు, ఆ సంగతి రైడరుకు ముందే తెలుసు. పక్కన పొట్టి సంతకం, తేదీ.

తర్వాత పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి, చివరి పేజీ తీశాడు. ఇనాయతుల్లా ఆ అంకెల వరుసను మొదటిసారి చూస్తూ, ఏమిటని అడగకుండా, వెలుతురు పడేలా షటరును మోచేత్తో ఇంకొంచెం పైకి నెట్టాడు. ఫిబ్రవరి 25కు ఎదురుగా 3 అని ఉంది. గురుమల్లప్ప దాని మీద ఒకే గీత గీసి, సంతకం చేసి, ఆ ఉదయం చట్రం నుంచి పడిన మొదటి దెబ్బకు వచ్చిన అంకెను పక్కన రాశాడు.

0.